బొబ్బిలిలో విడిది

మా ఇంట్లో బొబ్బిలి యుద్ధం ముప్పయి ఆరేళ్ళుగా నడుస్తోంది. నాది విజయనగరం, మా ఆవిడది బొబ్బిలి. పెళ్ళిచూపులనాడు మా మామగారు నన్ను ఎగాదిగా చూసి, "అయితే విజయనగరం వాళ్ళు మళ్ళీ మా ఊరిమీదికి వచ్చారన్నమాట!" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నాకు తెలియలేదుగాని, ఆ నవ్వు ఆ పూటతో అయిపోయేది కాదు. పులుసులో ఉప్పెక్కువైందని నేనంటే, "ఫిరంగులు అరువు తెచ్చుకున్న వాళ్ళకి నాలిక కూడా అరువుదే కాబోలు" అని మా ఆవిడ. పుట్టింటినుంచి రావడం రెండురోజులు ఆలస్యమైతే, "పాపారాయుడు కూడా ఇలాగే ఆలస్యం చేశాడు" అని నేను. ఇలా గడిచిపోయింది.

కథ తెలియనివాళ్ళుంటారు గనక రెండు మాటల్లో చెప్పేస్తాను. విజయనగరం పూసపాటి విజయరామరాజుకీ, బొబ్బిలి రాజా రంగారావుకీ పొరుగు సంస్థానాల పాత పగ. పక్కపక్క ఊళ్ళవాళ్ళకి ఉండే తగాదాలే అవి, కాకపోతే పెద్దవి. ఫ్రెంచివాడు బుస్సీ ఉత్తర సర్కారులకి శిస్తు వసూళ్ళకి వస్తే, విజయరామరాజు అతన్ని వెంటబెట్టుకుని బొబ్బిలిమీదికి వెళ్ళాడు. 1757 జనవరి 24న తెల్లవారుతూనే మట్టికోటమీద ఫిరంగులు మొదలయ్యాయి. ఇక కోట నిలవదని తేలాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ, పిల్లలనీ తామే చంపుకుని కత్తులు పట్టుకుని నిలబడ్డారు. రంగారావు పడిపోయాడు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి ఈ కబురు ఆలస్యంగా అందింది. మూడోనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడు; ఒంటిమీద ముప్పయి రెండు పోట్లని ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు ఆర్మ్ రాశాడు. పొడిచినవాడు పాపారాయుడేనని మన బుర్రకథలూ, మన జనమూ చెబుతారు. బొబ్బిలిలో కాదని అని చూడండి తెలుస్తుంది!

ఇంతకీ మా మామగారి అసలు చమత్కారం ఇంకొకటుంది. "విజయనగరం వాళ్ళకి బొబ్బిలిలో విడిది అచ్చిరాదు నాయనా, జాగ్రత్త" అనేవారు, నేను ఎప్పుడు వెళ్ళినా మడత మంచం తనే వాల్చి పక్క వేయిస్తూ.

ఆయన పోయి ఏడేళ్ళయింది. అత్తగారు అంతకుముందే పోయారు. మా బావమరిది బెంగుళూరులో స్థిరపడ్డాడు. నాలుగేళ్ళ క్రితం ఆ ఇల్లు అమ్మేశాడు. అమ్మడం తప్పని ఎవరూ అనలేదు, మా ఆవిడ కూడా అనలేదు. కాగితాలమీద సంతకం పెట్టివచ్చి, ఆ రాత్రి భోజనం చెయ్యలేదంతే.

ఇలా ఉండగా మా అమ్మాయి కొడుకు, పన్నెండేళ్ళవాడు, ఒక ఆదివారం 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" సినిమా చూశాడు. రామారావు రంగారావుగా, భానుమతి మల్లమ్మగా, ఎస్వీ రంగారావు పాపారాయుడుగా వేసిన సినిమా. చూసి, "అమ్మమ్మా, ఇదంతా నిజంగా మీ ఊళ్ళోనే జరిగిందా?" అని అడిగాడు. జరిగిందంది. "మరి నన్నెందుకు తీసుకెళ్ళలేదు?" అన్నాడు. దానికి ఎవరిదగ్గరా జవాబు లేదు. సంక్రాంతి సెలవుల్లో వెళదామని నిర్ణయమైపోయింది. యుద్ధం జరిగిన తారీఖుకి సెలవులు అయిపోతాయని వాడు కొంచెం నొచ్చుకున్నాడుగాని, సెలవులు ఇచ్చేవాళ్ళు యుద్ధాలు చూసి ఇవ్వరు కదా.

వెళ్ళడం తేలికగానే తేలింది. దిగడం ఎక్కడ అన్నదగ్గర రగడ మొదలైంది.

మా అల్లుడుగారు విశాఖపట్నం అన్నారు. "సముద్రం ఎదురుగా మంచి హోటలు తీసుకుందాం మామయ్యగారూ. పగలు వెళ్ళి యుద్ధం చూసుకుని రాత్రికి వచ్చేద్దాం" అన్నారు. ఆ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. విశాఖలో దిగితే పిల్లలకి సముద్రం, పెద్దలకి సదుపాయం. కాని లెక్క చూడండి: విశాఖనుంచి విజయనగరం అరవై కిలోమీటర్లు, అక్కడినుంచి బొబ్బిలి మరో యాభై అయిదు అరవై. రానూపోనూ కలిపితే రోజులో సగం కారులోనే పోతుంది. పైగా సముద్రం ఎదురుగా పెట్టుకుని పొద్దున్నే ఆరింటికి బయలుదేరిన కుటుంబాన్ని నేనింతవరకూ చూడలేదు.

మనవడు రాజాం అన్నాడు. అక్కడ బస చేసి, పాపారాయుడు బయలుదేరినచోట బయలుదేరి, బొబ్బిలి చేరడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడాలట. నా మట్టుకు నాకు ఇది అందరి ఆలోచనలకంటె మంచిదనిపించింది. చరిత్రంతా ఆ ఆలస్యంలోనే ఉంది కదా! కాని ఇంటిల్లిపాదితో వెళ్ళేటప్పుడు మంచి ఆలోచనకి ఓట్లు రావు. మా అమ్మాయి, "స్నానాలగది శుభ్రంగా ఉంటే ఎక్కడైనా నాకు ఒకటే" అని తటస్థంగా ఉండిపోయింది.

నేను విజయనగరం అన్నాను. నా వాదం బలమైనది. రైలు సౌకర్యం ఉంది, గదులు దొరుకుతాయి, తిండికి లోటుండదు, అటు బొబ్బిలికీ ఇటు పద్మనాభానికీ వెళ్ళి రావచ్చు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవానికి మాత్రం అక్కడ గది ఆశ పెట్టుకోకూడదు. జనవరిలో ఆ బెడద లేదు. ఇన్ని కారణాలు చెప్పానుగాని, నా ఊరు కావడం కూడా ఒక కారణమని మీరు ఊహించే ఉంటారు.

మా ఆవిడ ఒక్కతే ఏమీ అనలేదు. చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుంది.

ముప్పయి ఆరేళ్ళ కాపురంలో మౌనానికి అర్థం తెలుసుకున్నానని నా నమ్మకం. ఆమెకి బొబ్బిలిలోనే ఉండాలని ఉంది, అడగడానికి అభిమానం అడ్డొస్తోంది అనుకున్నాను. పెద్దమనసు చేసుకుని, ఎవరికీ చెప్పకుండా, బొబ్బిలిలో ఒక లాడ్జికి ఫోను చేసి రెండు గదులు మాట్లాడేశాను. సాయంకాలం కాఫీ దగ్గర, విజయనగరం రాజు సంధికి వచ్చిన ధోరణిలో, "నీ మాటే నెగ్గింది. మనం దిగేది బొబ్బిలిలోనే" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మా ఊళ్ళో నన్ను లాడ్జిలో దింపుతారా?" అంది.

గొంతు పెంచలేదు. అదే వచ్చిన చిక్కు. "పదహారు గదుల్లో పదిహేడోదానిలా తాళంచెవి తీసుకుని, మెట్లెక్కి, పొద్దున్నే ఎవరో తెచ్చిన టీ తాగి... వీధిలో ఎవరైనా కనబడి ఎక్కడ దిగావే అంటే ఏమని చెప్పను? మీరు విజయనగరమే వెళ్ళండి. బొబ్బిలి పగలు చూసి వచ్చేద్దాం. పగలైతే చుట్టం చూపుగా వచ్చాననుకుంటారు."

ఆమె మౌనానికి నేను చెప్పుకున్న అర్థం ఇంత తలకిందులుగా ఉందని ఆ రోజు తెలిసింది. గదులు వద్దని మళ్ళీ ఫోను చేశాను. అవతలివాడు, "ఏటండి, పొద్దున్న కావాలన్నారు, ఇప్పుడొద్దంతన్నారు?" అని నిలదీశాడు. యుద్ధం మానుకున్నామన్నాను.

కనుమ వెళ్ళాక బయలుదేరాం. పండుగ మూడురోజులూ చిన్న ఊళ్ళలో హోటళ్ళు సగం మూసి ఉంటాయి గనక అలా వెళ్ళడమే మంచిది. పిఠాపురం దాటుతూంటే మనవణ్ణి లేపి చీకట్లోకి చూపించాను. ఆ చుట్టుపక్కలే చందుర్తి. 1758 డిసెంబరులో విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువాళ్ళతో కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించింది అక్కడే. బొబ్బిలి తరువాత రెండేళ్ళు కూడా తిరగలేదు. పెద్దరాజు తెచ్చిన ఫ్రెంచివాళ్ళని ఆయన వారసుడే వెళ్ళగొట్టాడు. "అంటే పార్టీ మార్చాడా తాతయ్యా?" అన్నాడు వాడు. ఔనన్నాను. ఈ కాలపు పిల్లలకి చరిత్ర తేలికగా బోధపడుతుంది.

విశాఖలో దిగి కారు మాట్లాడుకుని పద్మనాభం మీదుగా వెళ్ళాం. కొండమీద అనంతపద్మనాభస్వామి, కింద కుంతిమాధవస్వామి. కొండెక్కడానికి వెయ్యికి పైగా మెట్లు. మా అల్లుడుగారు మెట్లవంక చూసి స్వామికి కిందినుంచే దణ్ణం పెట్టారు. 1794 జూలై 10న చిన్న విజయరామరాజు కుంపెనీ సైన్యానికి ఎదురునిలిచి ప్రాణం విడిచింది ఈ ఊళ్ళోనే. పేష్కషు బాకీల దగ్గర మొదలైన గొడవ. ఇప్పుడు చూస్తే పొలాలు, తాటిచెట్లు, కోడిపుంజుల కూతలు. యుద్ధం జరిగిన ఆనవాలేమీ లేదు. మనదేశంలో యుద్ధభూములన్నీ దాదాపు ఇంతే. మరుసటేడు వానకే దున్నేసి ఉంటారు. అంచేత ఇలాంటి యాత్రలో కళ్ళకంటె చెవులకి పని ఎక్కువ. ఎక్కడ దిగామన్నదాన్నిబట్టి ఏ కథ వింటామో ఉంటుంది.

అది ఆ రాత్రి విజయనగరంలోనే తెలిసింది. మేం దిగినచోట పక్కలు వేసే ముసలావిడ మనవణ్ణి చేరదీసి పైడితల్లి కథ చెప్పింది. పైడితల్లి విజయరామరాజు చెల్లెలు. అన్నగారు యుద్ధానికి వెళ్ళినప్పటినుంచీ ఆమెకి మనసు మనసులో లేదు. అన్న చచ్చిపోయాడన్న కబురు వినగానే పెద్దచెరువులో పడి ప్రాణం తీసుకుంది. ఆ తల్లే అమ్మవారై వెలసింది. వనంగుడి, చదురుగుడి రెండూ ఆవిడవే. ఏటా సిరిమాను ఊరేగేది ఆవిడకోసమే. ఇదంతా చెబుతూ ముసలావిడ కళ్ళొత్తుకుంది, నిన్నమొన్న జరిగినట్టు.

వాడు నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"తాతయ్యా, సినిమాలో విజయరామరాజు విలన్ కదా?"

"సినిమాలో అంతే."

"మరి విలన్ చెల్లెలు దేవుడెలా అయింది?"

నేను తడుముకుంటూంటే మా ఆవిడ అందుకుంది. "విలన్ అని నువ్వూ నేనూ అనుకుంటాం. ఆవిడకి అన్నగారు" అంది. ఆ మాట విని నేను కొంచెం ఆశ్చర్యపోయిన మాట నిజం. ముప్పయి ఆరేళ్ళలో విజయనగరం పక్షాన ఆమె నోట వచ్చిన మొదటి మాట అది!

మర్నాడు బొబ్బిలి వెళ్ళాం. ఇప్పుడున్న కోట యుద్ధంనాటిది కాదు, తరువాత కట్టింది. పాత కోట ఉన్నచోట బొబ్బిలి రాజావారు ఎత్తించిన స్తంభం ఉంది. చుట్టూ ఊరు పెరిగిపోయింది. మనవడు స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇంతేనా?" అన్నాడు. పిల్లలు ఆ మాట అన్నప్పుడు పెద్దవాళ్ళ పరువు పోతుంది. నిలబెట్టుకోవడానికి నేను ఆర్మ్ రాసిన సంగతి ఒకటి చెప్పాను. కోట పడిపోయాక ఆ పీనుగుల మధ్యనుంచి ఒక ముసలివాడు చిన్న పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడట. లా అనే ఫ్రెంచి సేనాని దగ్గరికి వెళ్ళి, ఇతను రంగారావు కొడుకనీ, తండ్రి ఆజ్ఞ మీరి తాను కాపాడాననీ చెప్పాడట. ఆ పిల్లవాడే చిన రంగారావు. ఎన్నో పాట్లు పడి, పద్మనాభం యుద్ధం జరిగాకగాని బొబ్బిలి అతని చేతికి తిరిగి రాలేదు. అంటే మధ్యలో ముప్పయి ఏడేళ్ళు!

"అన్నాళ్ళూ ఎక్కడున్నాడు?" అన్నాడు వాడు.

"ఎక్కడెక్కడో. సొంత ఊళ్ళో మాత్రం కాదు."

మా ఆవిడ స్తంభంవంక చూడ్డం మానేసి రోడ్డువంక చూస్తోంది.

గొల్లపల్లి వెళ్ళి వీణలు చేసేవాళ్ళని చూశాం. ఒకే పనసదుంగని తొలిచి, కుండనీ దండినీ ఏకంగా తీస్తారు. ఈ విద్య సంగతి వేరే రాయవలసినంత ఉంది, ఇప్పుడు వద్దు. తిరిగి వస్తూ మా ఆవిడ ఒక వీధి మొగలో కారు ఆపమంది. దిగింది. నేనూ దిగాను. వీధిలో నాలుగో ఇల్లు. అరుగులు తీసేసి ఇనప గేటు పెట్టారు. పైన అంతస్తు లేచింది. పెరట్లో కొబ్బరిచెట్టు తల మాత్రం గోడమీదినుంచి కనబడుతోంది.

"తలుపు కొట్టి చూద్దామా? ఏమీ అనుకోరు" అన్నాను.

"వద్దు. వంటలవేళ" అంది. కొంచెంసేపు నిలబడి వచ్చేసింది.

సాయంకాలం తిరుగుప్రయాణానికి కారెక్కబోతూంటే మనవడు పేచీ పెట్టాడు. యుద్ధం తెల్లవారుతూ మొదలైందన్నారు గనక తెల్లవారుతూనే ఆ స్తంభం దగ్గర ఉండాలట. విజయనగరంనుంచి రావాలంటే నాలుగింటికి బయలుదేరాలి. జనవరి మంచులో ఆ వేళ కారు తోలనని డ్రైవరు ఖరాఖండీగా చెప్పేశాడు. అల్లుడుగారు వాచీ చూసుకున్నారు. నేను, మునుపటి అనుభవంవల్ల, నోరు మెదపలేదు.

"బస్టాండు దారిలో ఒక లాడ్జి ఉండాలి" అంది మా ఆవిడ. "మా పెళ్ళికి మీ వాళ్ళందరినీ దింపింది అక్కడే."

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. విడిది! మేడమీద పెద్ద గదిలో మగపెళ్ళివారం పాతికమందిమి. మా పెదనాన్న కాఫీ చల్లారిందని అలిగాడు. మామగారు స్వయంగా కాఫీ బిందె పట్టించుకుని వచ్చి, "తాగండి బాబూ, మీకు ఇక్కడ విడిది అచ్చిరాదని ముందే చెప్పాను" అన్నారు. మా పెదనాన్నకి కోపం పోయి నవ్వొచ్చింది. అక్కడ నేను గడిపింది ఒక్క రాత్రే. ఆమె నాతో మాట్లాడని ఆఖరి రాత్రి అది.

వెళ్ళాం. లాడ్జి ఉంది. రంగులు మార్చారు, పేరు మార్చారు, మెట్లు మాత్రం అవే. బల్ల దగ్గర ఇరవయ్యేళ్ళ కుర్రాడు రిజిస్టరు తిప్పి ముందుకు తోశాడు. నేను కలం తీస్తూంటే మా ఆవిడ అందుకుని తనే రాసింది. పేరు రాసింది. ఊరు అన్నచోట ఒక క్షణం ఆగింది. తరువాత "బొబ్బిలి" అని రాసింది.

కుర్రాడు చూశాడు. "ఏటమ్మా, మీదీ ఊరేనా? ఈ ఊరోళ్ళయ్యుండి లాడ్జీలో దిగడమేటి?"

నాకు గుండె గుభేలుమంది. ఆ ప్రశ్న తప్పించడానికే కదా ఇంత తతంగమూ!

"యుద్ధం చూడ్డానికొచ్చాం బాబూ" అంది మా ఆవిడ. "ఈయన విజయనగరం. రాత్రిపూట తలుపు గట్టిగా పడుతుందో లేదో చూసి మరీ ఇయ్యి."

కుర్రాడికి మొదట అర్థంకాలేదు. అర్థమయ్యాక పక్కపక్క గదుల్లో వాళ్ళు బయటికి వచ్చేంత గట్టిగా నవ్వాడు. చిన్న గది చాలదని చెప్పి, వీధివైపు కిటికీ ఉన్న పెద్ద గది అదే అద్దెకి ఇచ్చాడు. స్నానాలగది సంగతి మా అమ్మాయి ఈనాటికీ చెబుతుంది గనక నేను చెప్పను.

తెల్లవారుజామున మనవడు అందరినీ లేపాడు. లేచినవాళ్ళం ముగ్గురం. ఊరంతా మంచు. పదిగజాల దూరంలో మనిషి కనబడడు. స్తంభం దగ్గరికి వెళ్ళేసరికి అది సగం వరకే ఉన్నట్టుంది. పైభాగం మంచులో కలిసిపోయింది. ఎక్కడో పాలక్యానులు చప్పుడయ్యాయి. వాడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిన్నటి "ఇంతేనా" మళ్ళీ అనలేదు. వెలుతురు వచ్చాక, "అమ్మమ్మా, ఇక్కడినుంచి మీ ఇల్లు ఎటువైపు?" అని అడిగాడు. ఆమె చెయ్యెత్తి చూపించింది.

పదింటికి గది ఖాళీ చేశాం. వాడి కోరిక ప్రకారం రాజాం మీదుగా తిరిగి వెళ్ళాలి. అప్పటికే వాచీ చేతికి కట్టుకుని కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. తాళంచెవి ఇస్తూంటే కుర్రాడు, "మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా?" అన్నాడు.

"సంక్రాంతికి" అంది మా ఆవిడ. "ఆ కిటికీ గదే ఉంచు. ఈసారి మడత మంచం ఒకటి ఎక్కువ వెయ్యి."